కావేరిలో నీళ్ళు లేవు, అయినా తిరుచ్చి అర్థమైంది: ఒంటరిగా నా మొదటి మూడు రోజులు

"ఒక్కదానివే వెళ్ళావా? భయం వెయ్యలేదా?" అని చాలామంది అడిగారు. వేసింది. మొదటిరోజు సాయంత్రం అయితే బాగానే వేసింది. ఆ సంగతి కూడా చెప్తాను. ఈ ఎపిసోడ్‌లో తిరుచిరాపల్లి, అంటే తిరుచ్చిలో నేను తిరిగిన మొదటి మూడు రోజుల గురించి మాట్లాడుకుందాం. ఏమేం చూశానో లిస్ట్ చదవడం కాదు, ఆ ఊరు ఎలా అర్థమైందో చెప్తాను.

మాది రాజమండ్రి. నది అంటే నాకు గోదావరే. మే నెలాఖరులో బయల్దేరాను. నాన్న ఒకే ఒక్క షరతు పెట్టారు. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చెయ్యాలి. ఒక్కరోజు తప్పినా మర్నాడు రైలెక్కి వచ్చేస్తానన్నారు. సరే అన్నాను.

చెన్నైలో రైలు మారి తిరుచ్చిలో దిగాను. లాడ్జిలో బ్యాగ్ పడేసి ఒకటో నంబర్ టౌన్ బస్సెక్కాను. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి. సెంట్రల్ బస్టాండ్ నుంచి సత్రం బస్టాండ్ మీదుగా కావేరి వంతెన దాటి శ్రీరంగం వెళ్తుంది. తమిళనాడులో 2021 నుంచి మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. వేరే రాష్ట్రం వాళ్ళం కదా అని నేను డబ్బులు తీస్తే, కండక్టర్ నవ్వి సున్నా టికెట్ చేతిలో పెట్టాడు.

ముందు నది చూద్దామని శ్రీరంగంలో అమ్మ మండపం రేవుకి వెళ్ళాను. మెట్లు దిగి చూస్తే... ఇసుక. ఎటు చూసినా ఇసుకే. మధ్యలో సన్నగా ఒక పాయ. పిల్లలు నది మధ్యలో క్రికెట్ ఆడుతున్నారు. నిజం చెప్పాలంటే కడుపు కాలింది. ఇంత దూరం దీనికా వచ్చింది అనిపించింది. మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన నా మొహం చూసి, "జూన్ పన్నెండు" అన్నారు. నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, పైన మేట్టూరు డ్యామ్ నుంచి సాగుకి నీళ్ళు వదలడానికి ఆనవాయితీగా వస్తున్న తేదీ అది. ఆ డ్యామ్ 1934లో పూర్తయింది. అప్పట్నుంచి కింద ఉన్న డెల్టా అంతా ఆ తేదీ కోసం ఎదురుచూస్తుంది. అంటే నేను చూసింది చచ్చిపోయిన నదిని కాదు, ఎదురుచూస్తున్న నదిని.

అక్కణ్ణుంచి రంగనాథస్వామి గుడికి నడిచాను. ముందు దక్షిణ రాజగోపురం వస్తుంది. 236 అడుగులు, 13 అంతస్తులు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో మొదలై ఆగిపోయిన ఈ గోపురం 1987లో పూర్తయింది. దాన్ని దాటితే గుడి వచ్చేస్తుందనుకున్నా. రాలేదు. ఇళ్ళు, కిరాణా కొట్లు, కాఫీ హోటళ్ళు వచ్చాయి. ఎందుకంటే ఈ గుడికి ఒకదాని లోపల ఒకటిగా ఏడు ప్రాకారాలు. బయటి ప్రాకారాల్లో ఊరు, లోపలి వాటిలో గుడి. మొత్తం 156 ఎకరాలు.

నేను తప్పు చేసింది ఇక్కడే. చెప్పులు దక్షిణం వైపు వదిలాను. లోపల తిరిగి తిరిగి తూర్పున ఉన్న తెల్ల గోపురం నుంచి బయటికి వచ్చేశాను. ఆరున్నర అయినా రోడ్డు ఇంకా కాలుతోంది. చెప్పుల్లేవు. మ్యాప్ చూద్దామని ఫోన్ తీస్తే ఆగిపోయింది. పవర్ బ్యాంక్ లాడ్జిలో ఉంది. పైగా అక్కడ వీధులకి నాలుగు వైపులా ఒకే పేర్లు. తూర్పు చిత్తిర వీధి, దక్షిణ చిత్తిర వీధి, ఇలా. ఏడు కావస్తోంది. కాళ్ళు వణికాయి.

పూలు కట్టుకుంటున్న ఒక బామ్మ పిలిచింది. నాకొచ్చిన రెండు తమిళ ముక్కలతో ఏదో చెప్పబోతుంటే, "తెలుగా? చెప్పులు ఏడ ఇడిస్తివి మా?" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి! వాళ్ళింట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారట, చదవడం మాత్రం రాదట. తిరుచ్చిని మదురై నాయక రాజులు చాలాకాలం ఏలారు. వాళ్ళ ఇంటి భాష తెలుగు. విజయనగరం, నాయకుల రోజుల్లో దక్షిణానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తమిళనాడంతా ఉన్నాయి.

బామ్మ తన ఫోన్ ఇచ్చింది. అప్పుడు తెలిసింది, నాన్న నంబర్ నాకు నోటికి రాదని! చిన్నప్పుడు బడి డైరీలో రాసుకున్న అమ్మ నంబర్ ఒక్కటే వచ్చు. చేశాను. టైం ఏడుంపావు. వెనకాల నాన్న గొంతు వినిపిస్తోంది, రేపటి రైలుకి సీటుందా లేదా అని ఎవర్నో అడుగుతున్నారు. మీరు ఈ వీడియో ఆపేసినా పర్లేదు, ముందు ఇంట్లోవాళ్ళ నంబర్లు రెండు నేర్చుకోండి.

దారి కూడా బామ్మే చెప్పింది. "అన్నిటికన్నా పెద్ద గోపురం దక్షిణం. అది కనిపిస్తే చాలు, తప్పిపోవు." అంతే. తల ఎత్తి చూశాను, కనిపించింది. వీధి చివరి దాకా నడిచి కుడికి తిరిగాను. చెప్పులు దొరికాయి.

రెండో రోజు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే రాక్‌ఫోర్ట్ ఎక్కాను. ఊరి మధ్యలో 83 మీటర్ల ఎత్తున్న రాతి గుట్ట అది. నాలుగొందలకి పైగా మెట్లు. దారిలో పల్లవ రాజు మహేంద్రవర్మ తొలిపించిన గుహాలయం ఉంది, 7వ శతాబ్దం నాటిది. కొండ కొసన ఉచ్చిపిళ్ళైయార్, అంటే వినాయకుడి గుడి.

పై నుంచి ఉత్తరానికి చూస్తే మొత్తం బొమ్మ గీసినట్టు కనిపిస్తుంది. ఊరికి పడమర ముక్కొంబు అనేచోట కావేరి రెండుగా చీలుతుంది. దక్షిణపు పాయ కావేరి, ఉత్తరపు పాయ కొల్లిడం. మధ్యలో ఉన్న లంకే శ్రీరంగం. మన కోనసీమ గుర్తొచ్చింది కదా? నాకూ అదే గుర్తొచ్చింది.

ఆ లంకలోనే తిరువానైక్కావల్ కూడా ఉంది. పంచభూత లింగాల్లో జలలింగం ఇక్కడిదే. గర్భగుడి నేలమట్టం కన్నా కిందికి ఉంటుంది. స్వామిని తొమ్మిది రంధ్రాల రాతి కిటికీలోంచి చూస్తాం. లింగం చుట్టూ ఎప్పుడూ నీరు ఊరుతూనే ఉంటుందంటారు. బయట నది ఇసుక, లోపల నేల తడి. నది పైన కనిపించకపోయినా కింద ఉంటుందని అప్పుడు నాకు తట్టింది.

మూడో రోజు సత్రం బస్టాండ్ నుంచి బస్సులో కల్లణై. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆనకట్ట. దాని అవసరం ఏంటంటే, విడిపోయిన రెండు పాయలూ ఇక్కడ మళ్ళీ దగ్గరికొస్తాయి. కొల్లిడం పల్లంలో ఉంటుంది. అడ్డం లేకపోతే కావేరి నీళ్ళు అందులోకి జారి సముద్రంలో కలిసిపోతాయి, తంజావూరు పొలాలు ఎండిపోతాయి. కల్లణై ఆ నీటిని ఆపి పొలాల వైపు తిప్పుతుంది. వరదొస్తే ఎక్కువైనదాన్ని కొల్లిడంలోకి వదులుతుంది. తర్వాత కాలంలో పైన షట్టర్లు, వంతెన వచ్చాయి కానీ, అసలు కిటుకు పునాదిలో ఉంది. ఇసుకలో పెద్ద పెద్ద రాళ్ళు వేస్తూ పోయారు. అవి దిగినంత దిగి, కుదురుకుని నిలబడ్డాయి.

ఇప్పుడు అసలు విషయం. 1830లలో ఇక్కడ పనిచేసిన ఒక ఇంజనీరు ఈ కట్టని శ్రద్ధగా చూశాడు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా వెయ్యాలో దీని నుంచే నేర్చుకున్నామని తర్వాత రాశాడు. ఆయన ఆర్థర్ కాటన్. ఆ నేర్చుకున్నదాంతోనే 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేశాడు. మా తాతయ్య పూజగదిలో దేవుళ్ళ పక్కన కాటన్ దొర ఫోటో ఉంటుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఆయనకి ఈ పాఠం చెప్పిన కట్ట ఒకటుందని నాకు తెలీదు. మేం తిన్న అన్నానికి మూలం ఇక్కడ కూడా ఉందన్నమాట.

అక్కడి నుంచే నాన్నకి వీడియో కాల్ చేశా. సాయంత్రం ఏడు కాలేదు, మధ్యాహ్నమే. "నాన్నా, ఇది మన ధవళేశ్వరానికి పెద్దన్న" అని అంతా చూపించాను. చాలాసేపు చూశారు. "నీళ్ళేవే?" అన్నారు. జూన్ పన్నెండు సంగతి చెప్పాను. కాసేపాగి, "అయితే నీళ్ళొచ్చాక మళ్ళీ వెళ్ళాలి కదా" అన్నారు.

ఆ మాటకోసమే కదా ఈ ట్రిప్పంతా!

మీరు వెళ్తే ఆగస్టు మొదట్లో వెళ్ళండి. ఆడి పెరుక్కు పండగకి అమ్మ మండపం రేవులో జనం నదికి పూజ చేస్తారు. కొత్త ఊళ్ళో మొదటిరోజే అన్నీ చూసేద్దామని పరిగెత్తకండి. అక్కడి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఎటు పోతాయో ఎవర్నైనా అడగండి. మిగతా ఊరు దానంతటదే అర్థమవుతుంది. చెప్పులు ఏ గోపురం దగ్గర వదిలారో మాత్రం గుర్తుపెట్టుకోండి. ఉంటాను మరి, మళ్ళీ కలుద్దాం.