కొల్లేటి పరిసర గృహాల్లో సెంట్రల్ వాక్యూమ్ వ్యవస్థ: ప్రణాళిక - పరిశీలన

1. ఉపోద్ఘాతం

చీపురుతో ఊడ్చినప్పుడు పెద్ద రేణువులు మూలకు చేరతాయి. సూక్ష్మ ధూళి మాత్రం గాలిలోకి లేచి, కొంతసేపటికి మళ్ళీ నేలపై వాలుతుంది. ఆ లోగా దానిని ఎక్కువగా పీల్చేది ఊడ్చే మనిషే. వడపోత సరిగా లేని చేతి వాక్యూమ్ యంత్రం కూడా ఆ ధూళిని అదే గదిలోకి వదులుతుంది. సెంట్రల్ వాక్యూమ్ వ్యవస్థలో మోటారు, ధూళిపాత్ర నివాస గదులకు దూరంగా ఉంటాయి. గోడల్లోని గొట్టాల ద్వారా ధూళిని లాగి, గాలిని ఇంటి వెలుపలికి పంపుతారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసరాల్లో దీని ఏర్పాటుకు పాటించవలసిన సూత్రాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం

1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ రూపొందించిన యంత్రం గుర్రపు బండిపై వీధిలోనే నిలిచేది. పొడవైన గొట్టాలు కిటికీల గుండా లోపలికి వెళ్ళేవి. అంటే ధూళిని ఇంటి వెలుపలే వేరుచేయాలన్న భావన తొలినుంచీ ఉన్నదే. తాడేపల్లిగూడెం రైస్ మిల్లుల్లో నిత్యం కనిపించేదీ ఈ సూత్రమే. ఫ్యాను గాలి ఊకను గొట్టం గుండా మోసుకుపోతుంది. సైక్లోన్‌లో గాలి సుడి తిరగగా ఊక వేరై అడుగుకు జారుతుంది.

3. గొట్టాల లెక్క

ధూళిని మోసేది గాలి వేగం. గొట్టం ఎంత పెద్దదైతే అంత మేలన్న అభిప్రాయం ఇక్కడ చెల్లదు. మోటారు సెకనుకు 47 లీటర్ల గాలిని లాగుతుందనుకుందాం. లోపలి వ్యాసం 48 మి.మీ. ఉన్న గొట్టంలో గాలి సెకనుకు సుమారు 26 మీటర్ల వేగంతో సాగుతుంది. అదే గాలి 100 మి.మీ. డ్రైనేజీ పైపులో కేవలం 6 మీటర్ల వేగంతో కదులుతుంది; ఇసుక, మెతుకులు మధ్యలోనే నిలిచిపోతాయి. అందుకే ఈ వ్యవస్థలకు సాధారణంగా 2 అంగుళాల నున్నని పీవీసీ గొట్టాలను వాడతారు. మలుపులు తక్కువగా, విశాలమైన వంపుతో ఉండాలి. కొమ్మ గొట్టాలు గాలి సాగే దిశకే ఒరిగి కలవాలి. సుమారు 9 మీటర్ల చేతి గొట్టం ప్రతి గది మూలకూ అందేలా గోడల్లో ఇన్‌లెట్ల స్థానాలను ముందే నకలుపై గుర్తించాలి. మోటారును నడిపే తక్కువ వోల్టేజీ తీగను గొట్టం వెంబడే వేయాలి.

4. స్థానిక పరిస్థితులు

చెక్క చట్రాలతో కట్టే అమెరికా ఇళ్ళ గోడల్లో ఖాళీ ఉంటుంది. ఇక్కడివి ఇటుక, కాంక్రీటు కట్టడాలు. కనుక గొట్టాల పని ప్లాస్టరింగుకు ముందే పూర్తికావాలి. స్తంభాలను, దూలాలను తొలచడం ప్రమాదకరం. స్లాబు గుండా పోయే దారిని కాంక్రీటు పోయకముందే విడిచిపెట్టాలి. గోడ మూయకముందే ఇన్‌లెట్లను మూసి, మోటారు నడిపి, గాలి లీకులను పరీక్షించాలి.

తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరులు కొల్లేటికి నీరు చేరుస్తాయి. ఉప్పుటేరు దానిని సముద్రానికి చేరుస్తుంది. ఈ పల్లపు నేలల్లో మోటారును వరద నీరు చేరని ఎత్తులో గోడకు బిగించాలి. తడి బురదను లాగితే అది గొట్టంలో గట్టిపడుతుంది. కాబట్టి వానాకాలంలో తడిగుడ్డ అవసరం తప్పదు. మిల్లు బాయిలర్లలో ఊక కాలగా వచ్చే బూడిదలో అధికభాగం సిలికా. ఆ సూక్ష్మ రేణువులకు సైక్లోన్ ఒక్కటే చాలదు, వడపోత గుడ్డ కూడా కావాలి. వెలుపలికి పోయే గాలి పొరుగింటి కిటికీ వైపు మళ్ళరాదు. ఏలూరు ఉన్ని తివాచీలపై తిరిగే బ్రష్షు కంటే సాదా మూతి శ్రేయస్కరం, పోగులు లేచిపోవు.

5. ముగింపు

రెండు గదుల ఇంటికి మంచి వడపోత ఉన్న చేతి యంత్రం సరిపోతుంది. నిర్మాణంలో ఉన్న పెద్ద ఇంటికే ఈ వ్యవస్థ ప్రయోజనకరం. వెంటనే మోటారు కొనలేనివారు గొట్టాలను, తీగను ఇప్పుడే వేయించి, వాటి దారిని ఫొటోలలో భద్రపరచుకుంటే, మోటారును తరువాత బిగించుకోవచ్చు. గోడ పూర్తయ్యాక వాయిదా వేయడానికి వీలులేని భాగం గొట్టాలదే.