గణిత విభాగంలో వారపు సెమినార్: ప్రశ్నలే పరికరాలు

విశ్వవిద్యాలయ గణిత విభాగాల నోటీసు బోర్డుపై వారానికొకసారి ఒక చిన్న ప్రకటన వెలువడుతుంది. ప్రసంగించే వారి పేరు, అంశం, నాలుగైదు వాక్యాల సారాంశం, వేళ, గది సంఖ్య మాత్రమే అందులో ఉంటాయి. పత్రికలకు సుపరిచితమైన 'జాతీయ సెమినార్'కు, దీనికి పేరులో తప్ప పోలిక లేదు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, జ్ఞాపికల ప్రదానం ఇక్కడ ఉండవు. వార్తగా మారే అవకాశం లేకపోవడానికి బహుశా ఇదే కారణం.

ప్రసంగం సాధారణంగా ఒక గంట సాగుతుంది. ఒకే శాఖకు చెందిన నిపుణుల నిమిత్తం జరిగేదానిని సెమినార్ అని, విభాగమంతటికీ బోధపడేలా జరిగేదానిని కొలోక్వియం అని వ్యవహరిస్తారు. పరిశోధక విద్యార్థులు తమలో తాము నడుపుకొనేవి వేరు. రసాయన శాస్త్రంలో పొరపాటును ప్రయోగమే బయటపెడుతుంది. గణితంలో ఆ బాధ్యత వినేవారిది. నిరూపణలోని ఒక మెట్టు ఎలా వచ్చిందని శ్రోత అడిగినప్పుడు నల్లబల్ల వద్ద నిలిచిన వ్యక్తి సమాధానం చెప్పాలి, లేదా అది ఇంకా పూర్తి కాలేదని అంగీకరించాలి.

మాస్కో విశ్వవిద్యాలయంలో ఐ.ఎం. గెల్ఫాండ్ 1943లో ప్రారంభించిన సోమవారపు సెమినార్ ఈ విషయంలో ప్రసిద్ధం. వక్తను మధ్యలో ఆపి, అంతవరకు చెప్పినదానిని శ్రోతలలో ఒకరి చేత తిరిగి చెప్పించడం ఆయన అలవాటు. ఈ పద్ధతి కొందరికి కఠినంగా తోచినా, అర్థం కాకుండానే తల ఊపే వీలు మాత్రం లేకపోయింది.

ప్రశ్నించేవారు కరవైతే ఏమి జరుగుతుందో 1993 నాటి ఒక ఉదంతం తెలుపుతుంది. ఫెర్మా చివరి సిద్ధాంతంపై రహస్యంగా కృషి చేస్తున్న ఆండ్రూ వైల్స్, తన నిరూపణలోని కీలక భాగాన్ని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఒక పాఠ్యక్రమం రూపంలో వివరించారు. అసలు ఉద్దేశం తెలియని విద్యార్థులు ఒక్కొక్కరుగా మానుకోగా, చివరకు ఆయన సహచరుడు నికొలస్ కాట్జ్ ఒక్కరే మిగిలారు. అప్పుడు ఏ లోపమూ కనిపించలేదు. జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో వైల్స్ ఫలితాన్ని ప్రకటించారు. అనంతరం వ్రాతప్రతిని పరిశీలించే బాధ్యత చేపట్టిన కాట్జ్ అడిగిన ప్రశ్నల వల్లనే, ఆ భాగంలోనే లోపం వెల్లడయింది. రిచర్డ్ టేలర్ సహకారంతో 1994 సెప్టెంబరులో అది సరిదిద్దబడి, 1995లో నిరూపణ ప్రచురితమైంది.

మన దేశంలో ఈ సంప్రదాయం వేళ్లూనడంలో మచిలీపట్నంలో జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్ పాత్ర ముఖ్యమైనది. హోమీ భాభా ఆహ్వానంపై 1949లో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిన ఆయన, 1965లో జ్యూరిచ్ వెళ్లేవరకు అక్కడి గణిత విభాగాన్ని తీర్చిదిద్దారు. లారెంట్ ష్వార్జ్, కార్ల్ లుడ్విగ్ సీగెల్ వంటి ఉద్దండులను ఆహ్వానించి ఉపన్యాస పరంపరలు ఇప్పించారు. వాటిని శ్రద్ధగా వ్రాసి, నోట్సు సిద్ధం చేసే పని సంస్థలోని యువ పరిశోధకులకు అప్పగించేవారు. వ్రాయవలసినవారు అర్థం చేసుకోక తప్పదు. 1955లో ష్వార్జ్ ఉపన్యాసాలకు నోట్సు వ్రాసిన ఎం.ఎస్. నరసింహన్ తదనంతరం ప్రపంచ ప్రఖ్యాతి గాంచారు. ఈ నోట్సు సంపుటాలు నేడు అంతర్జాలంలో ఉచితంగా లభ్యమవుతున్నాయి.

ఇటువంటి కార్యక్రమానికి పరికరాలు, భవనాలు అవసరం లేదు. ఒక గది, నల్లబల్ల, సాయంత్రం తేనీరు చాలు. చెప్పుకోదగిన వ్యయం బయటి నుంచి వచ్చే వక్త ప్రయాణం, బస మాత్రమే. బడ్జెట్ పరిశీలనలో తొలగించడానికి సులభంగా కనిపించే పద్దు కూడా ఇదే. దానిని తొలగిస్తే సెమినార్ ఆగిపోదు, కానీ విభాగంలోని వారు ఒకరి ప్రశ్నలు ఒకరికి ముందే తెలిసిన స్థితికి చేరుకుంటారు. హాజరు సంఖ్య ఆధారంగా ప్రయోజనాన్ని లెక్కించడమూ సరికాదు. ప్రిన్‌స్టన్ తరగతిలో చివరకు మిగిలిన శ్రోత ఒక్కరే. లోపం బయటపడింది ఆ ఒక్కరి ప్రశ్నలతోనే.