పునాది చూడకుండా పై అంతస్తా?
టర్బో కారుకు బలం పెంచబోయి మేము నేర్చుకున్న పాఠం

జులై నెల. మధ్యాహ్నం మూడు దాటింది. రస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ కొండ ఎక్కుతున్నాం. కారులో నలుగురం, డిక్కీలో బిర్యానీ గిన్నె. అప్పటిదాకా రయ్యిమని ఎక్కిన బండి ఒక్కసారిగా నీరసపడింది. కాలు ఎంత నొక్కినా కదలదు. మీటర్ల మధ్యలో పసుపు లైటు వెలిగింది. పక్కనుంచి కూలీల వ్యాను మమ్మల్ని దాటుకుని పోయింది. అందులో వాళ్ళు చెయ్యి ఊపితే ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

బండి మా రూంలో అందరికన్నా చిన్నవాడిది. జగిత్యాల వైపు పిల్లగాడు, ఏసీ డక్టుల పని చూస్తాడు. మాలో ఇద్దరం సివిల్ సూపర్‌వైజర్లం, ఒకరు స్టోర్ కీపర్. ఆరేళ్ళు కూడబెట్టిన డబ్బుతో ఊళ్ళో ఇంటి మీద స్లాబు వేస్తానన్నవాడు, అందులోంచి 18 వేల దిర్హాంలు తీసి 2008 మోడల్ బీఎండబ్ల్యూ 335ఐ సెడాన్ కొన్నాడు. "అన్నా, కొత్తదైతే జన్మలో కొనలేం. పాతదైనా కొంటే తప్పేంది?" అన్నాడు. తప్పు లేదు. మేమూ సంతోషంగానే ఎక్కాం. తప్పు ఆ తర్వాత జరిగింది.

ఒక్క రోజులో 60 గుర్రాలు

ఆ బండిలోది 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. ఎన్54 అని పేరు. 2006లో వచ్చింది. రెండు చిన్న టర్బోలు ఉంటాయి. కంపెనీ లెక్కన 306 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. 2007, 2008లో వరసగా రెండేళ్ళు అంతర్జాతీయ ఉత్తమ ఇంజిన్ అవార్డు దీనికే వచ్చింది. బండి పాతదైనా ప్రపంచమంతా కుర్రాళ్ళు దీని వెంట పడడానికి కారణం వేరే ఉంది. ఇంజిన్ విప్పకుండానే దీని బలం పెంచొచ్చు.

ఎలాగంటే, సైలెన్సర్ వైపు పోయే పొగ వేడిగా, జోరుగా ఉంటుంది కదా. ఆ పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది ఆ చక్రం. అదే ఇరుసుకు అటువైపున్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి పోతే ఎక్కువ పెట్రోలు మండుతుంది, ఎక్కువ బలం వస్తుంది. ఈ బండికి కంపెనీ పెట్టిన ఒత్తిడి సుమారు 0.6 బార్. దాన్ని 0.9కో, 1కో పెంచితే చాలు, కొత్త బండిలా ఉరుకుతుంది.

ఒక గ్యారేజీ వాడు మావాడికి రెండు పనులు చెప్పాడు. ఒకటి, బలం పెంచే చిన్న డబ్బా. రెండు, టర్బో వెనక ఉండే పొగ గొట్టం, అంటే డౌన్‌పైపు, మార్చడం. రెండూ కలిపి 4,800 దిర్హాంలు. పొద్దున ఇస్తే సాయంత్రానికి ఇచ్చేశాడు. "60 గుర్రాలు పెరిగినయ్ అన్నా" అంటూ వచ్చాడు పిల్లగాడు. రాత్రి పూట ఎమిరేట్స్ రోడ్డు మీద తిప్పితే మాకూ నిజమే అనిపించింది.

ఆ డబ్బా చేసే పని వింటే నవ్వొస్తుంది. అది సెన్సరుకూ, బండి కంప్యూటరుకూ మధ్య కూర్చుంటుంది. ఉన్న ఒత్తిడిని తక్కువ చేసి చెబుతుంది. కంప్యూటర్ నిజమే అనుకుని ఇంకొంచెం గాలి తొయ్యమంటుంది. సైటులో టేపు ఒక అంగుళం తప్పు చూపిస్తే మేస్త్రీ ఏం చేస్తాడు? గోడ పెంచుకుంటూ పోతాడు. ఇదీ అంతే. లెక్క తెలిసినవాడు తగుమాత్రంగా పెట్టిన డబ్బాలు మంచివే ఉన్నాయి. ఇంకో పద్ధతిలో డబ్బా ఉండదు, కంప్యూటర్‌లోని లెక్కలనే మార్చి రాస్తారు. ఏ పద్ధతి అయినా సరే, పెంచిన బలాన్ని మోసేందుకు మిగతా బండి సిద్ధంగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న గ్యారేజీ వాడు అడగలేదు. మేమూ అడగలేదు.

ఎండ చెప్పిన లెక్క

కొండ మీద గంటసేపు బానెట్ లేపి కూర్చున్నాం. బిర్యానీ అక్కడే తిన్నాం. చల్లబడ్డాక మెల్లగా కిందికి దించాం. మర్నాడు వేరే గ్యారేజీలో ఒక పెద్ద ఉస్తాద్‌కు చూపించాం. ఆయన లాప్‌టాప్ తగిలించి, మాలో ఇద్దరిని ఎక్కించుకుని ఎండలో ఒక చుట్టు తిప్పాడు. ఇంజిన్‌లోకి పోయే గాలి 70 డిగ్రీలు దాటినట్టు స్క్రీన్ మీద చూపించాడు.

సైకిలు పంపు కొట్టినప్పుడు కింద కాలడం అందరికీ తెలిసిందే. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. టర్బోలో ఆ వేడి ఇంకా ఎక్కువ. అందుకే టర్బోకూ ఇంజిన్‌కూ మధ్య ఇంటర్‌కూలర్ అని రేడియేటర్ లాంటిది పెడతారు. ముందు నుంచి వచ్చే గాలి దాన్ని తాకి లోపలి గాలిని చల్లబరుస్తుంది. కానీ ఆ తాకే గాలే 46 డిగ్రీలుంటే? పైగా కొండ ఎక్కేటప్పుడు స్పీడు తక్కువ, బరువు ఎక్కువ. చిన్న ఇంటర్‌కూలర్ కాసేపటికే వేడితో నిండిపోతుంది.

అదే ఒత్తిడిలో 40 డిగ్రీల గాలి కన్నా 70 డిగ్రీల గాలి దాదాపు 9 శాతం పలచన. అంటే డబ్బు పెట్టి తోయించిన గాలిలో కొంత ఇక్కడే పోయింది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. వేడి గాలిలో పెట్రోలు తన వేళకు ముందే అంటుకుంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. పైకొచ్చే పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు. ఎక్కువసేపు జరిగితే పిస్టనే పగులుతుంది. అందుకే కంప్యూటర్ అది పసిగట్టగానే బలం తగ్గించేస్తుంది. కొండ మీద జరిగింది ఇదే. బండి చెడిపోలేదు, తన ప్రాణం తాను కాపాడుకుంది.

ఈ మాట మాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎండలో పని ఏమిటో మాకు ఒకరు చెప్పాలా? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని ఆపించేది ఎందుకు? కాంక్రీటులో ఐసు వేసి రాత్రిపూట పోసేది ఎందుకు? చాలా సైట్లలో కాంక్రీటు 32 డిగ్రీలు దాటితే లారీనే వెనక్కి పంపిస్తాం. మనిషికీ, కాంక్రీటుకూ తెలిసిన జాగ్రత్త ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాం.

ఉస్తాద్ అడిగిన ప్రశ్నలు

"ప్లగ్గులు ఎప్పుడు మార్చారు? కాయిళ్ళు? వాటర్ పంపు? వాల్వులు శుభ్రం చేయించారా?" ఉస్తాద్ ఒక్కొక్కటే అడుగుతుంటే నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బండి కొన్న నాడు రంగు చూశాం, సీట్లు చూశాం, ఏసీ చూశాం. ఇవేవీ అడగలేదు.

టర్బో సెడాన్ పాతది కొనేవాళ్ళు, బలం పెంచాలనుకునేవాళ్ళు ఈ వరస గుర్తుపెట్టుకోవాలి.

మొదట ఆరోగ్యం. ఒత్తిడి పెరిగితే ప్లగ్గు నిప్పురవ్వ మీద భారం పెరుగుతుంది. పాత ప్లగ్గులు, కాయిళ్ళు అక్కడే చేతులెత్తేస్తాయి. ఈ రకం ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది కాబట్టి వాల్వుల వెనక భాగాన్ని పెట్రోలు ఎప్పుడూ కడగదు. అక్కడ మసి గడ్డకడుతుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి దాన్ని రాలుస్తారు. మా బండికి అది చేయించాక, ఇంకేం మార్చకుండానే తేడా తెలిసింది. వాటర్ పంపు కరెంటుతో నడిచేది. వయసు మీరితే చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. పాతదైతే ముందే మార్చడం మేలు.

ఇంధన పంపు సంగతి కూడా అడగండి. ఈ ఇంజిన్ ఉన్న బళ్ళలో హై ప్రెషర్ పంపు ఇబ్బంది పెట్టడంతో 2010 అక్టోబర్‌లో అమెరికాలో సుమారు 1,30,000 బళ్ళను కంపెనీయే వెనక్కి పిలిచింది. మీరు కొనే బండిలో పంపు మార్చారా లేదా అన్నది కాగితాల్లో చూసుకోవాలి.

రెండోది చల్లదనం. గల్ఫ్‌లో టర్బో బండికి ఒక్క మార్పే చేయించగలిగితే అది పెద్ద ఇంటర్‌కూలరే కావాలి. హార్స్‌పవర్ లెక్కలో ఇది పెద్దగా కనిపించదు. కానీ రాత్రి ఇచ్చిన బలాన్ని మధ్యాహ్నం కూడా ఇచ్చేది ఇదే.

మూడోది పెట్రోలు. బలం పెంచిన బండికి ఇక్కడ దొరికే 98 రకమే పొయ్యాలి. నెలాఖరులో డబ్బులు లేవని 91 పోస్తే నాకింగ్‌ను చేతులారా పిలుచుకున్నట్టే.

నాలుగోది బ్రేకులు, టైర్లు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనట్టు. గీతలు కొత్తగా కనిపించినా రబ్బరు ముసలిదైతే ఈ ఎండల్లో పేలుతుంది. బండి ఎంత ఉరుకుతుందో అంత ఆగాలి కూడా.

ఇవన్నీ అయ్యాకే డబ్బా అయినా, మ్యాపింగ్ అయినా. అదీ తగుమాత్రంగా. మేం అయిదోది మొదట చేశాం. పునాది చూడకుండా పై అంతస్తు లేపాం. సైటులో ఎవరైనా అలా చేస్తే మేమే తిట్టేవాళ్ళం.

జేబుకు చిల్లు ఎక్కడ పడుతుంది?

సెప్టెంబర్‌లో ముల్కియా రెన్యువల్ వచ్చింది. పాసింగ్‌లో బండి ఫెయిలైంది. కొత్త డౌన్‌పైపులో పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ లేదు. పొగా ఎక్కువే, శబ్దమూ ఎక్కువే. "అది తీసేశాం" అని మొదటి గ్యారేజీ వాడు మాకు చెప్పనే లేదు. అదృష్టం, పాత పైపు పారేయకుండా మావాడు బాల్కనీలో పెట్టుకున్నాడు. మళ్ళీ లేబర్ ఖర్చు పెట్టి అదే బిగించుకుని పాసింగ్ చేయించుకున్నాం.

ఇంతటితో పోయింది. రోడ్డు మీద పట్టుబడితే ఇంతటితో పోదు. 2017లో వచ్చిన ఫెడరల్ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఇంజిన్‌లో గానీ చాసిస్‌లో గానీ మార్పులు చేస్తే 1,000 దిర్హాంల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి స్వాధీనం. శబ్దం చేసే బండికి 2,000 దిర్హాంలు, 12 పాయింట్లు. 24 పాయింట్లు నిండితే లైసెన్సే పోతుంది. ఇక అబుదాబిలో 2020లో, దుబాయ్‌లో 2023లో వచ్చిన చట్టాల ప్రకారం అలా పట్టుకున్న బండిని విడిపించుకోవడానికి 10,000 దిర్హాంలు కట్టాలి. మావాడి బండి విలువలో సగం కన్నా ఎక్కువ! పనిమీద లైసెన్సు అవసరమున్న వాడికైతే ఉద్యోగానికే ఎసరు.

ఇన్సూరెన్స్ సంగతి మరీ ముఖ్యం. చేసిన మార్పులు చెప్పకుండా దాస్తే, ప్రమాదం జరిగాక కంపెనీ డబ్బులు ఇవ్వనని అడ్డం తిరగొచ్చు. ఎదుటివాడి నష్టం కూడా మన నెత్తిన పడితే, ఊళ్ళో అప్పు తీరడానికి ఇంకో పదేళ్ళు ఇక్కడే ఉండాలి. అందుకే ఏ మార్పు చేయించినా ముందు అనుమతి కనుక్కోండి, బిల్లు తీసుకోండి, తీసిన పాత సామాను దాచుకోండి. స్పీడు సరదా తీరాలంటే అబుదాబి యాస్ మరీనా సర్క్యూట్‌లో డ్రాగ్ ట్రాక్ ఉంది. రోడ్డు మీద మాత్రం వద్దు.

స్లాబు పడింది

లెక్క వేస్తే మొదటి గ్యారేజీలో పెట్టిన 4,800లో పైపు డబ్బు పూర్తిగా దండగ. ఉస్తాద్ చేతి మీదుగా ప్లగ్గులు, కాయిళ్ళు, మసి శుభ్రం, వాటర్ పంపు, వాడిన ఇంటర్‌కూలర్ అన్నీ కలిపి ఇంకో 5,200 అయ్యాయి. డబ్బా కూడా తీసేయించాం. "అడగకుండా పెట్టినం, అనుమతి దొరికినప్పుడు చూసుకుందాం" అన్నాడు పిల్లగాడు. ఆ మాట వాడి నోటి నుంచి వస్తుందనుకోలేదు. అక్టోబర్‌లో మళ్ళీ జెబెల్ జైస్ ఎక్కాం. కంపెనీ ఇచ్చిన 306 గుర్రాలే. ఎక్కడా ఆగలేదు. అప్పుడు మాకు అనిపించింది, ఆ రోజు మాకు కావలసింది అదనపు బలం కాదు, ఉన్న బలం పూర్తిగా దొరకడం.

కుర్రాళ్ళ సరదాను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. పన్నెండు గంటలు డ్యూటీ చేసినవాడికి ఒక ఇష్టం ఉండాలి. కాకపోతే ఇక్కడి ప్రతి దిర్హాం వెనక ఊళ్ళో ఒక పని ఎదురుచూస్తుంటుంది.

మావాడి ఇంటి స్లాబు దసరాకు పడాల్సింది, సంక్రాంతి దాటాక పడింది. వాట్సాప్‌లో నలుగురం కలిసి చూశాం. వాళ్ళ నాన్న ఫోను స్లాబు మీద అటూ ఇటూ తిప్పి చూపిస్తుంటే పిల్లగాడు ఒకటే మాట పదే పదే చెప్పాడు.

"బాపూ, నీళ్ళు మంచిగ పట్టున్రి. వారం దాంక ఎండనియ్యకున్రి."