గంటలు నిండుతాయి... అప్పు తీరదు

అమెరికాలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ సంపాదన మీద భరోసాతో పైలట్ కోర్సుకు అప్పు చేయవచ్చా?

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. బాధిత కుటుంబాలు పట్టుబట్టడంతో 2010లో చట్టం వచ్చింది. 2013 నుంచి అక్కడి ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌గా చేరడానికి కూడా మామూలుగా 1,500 గంటల అనుభవం కావాలి. కమర్షియల్ లైసెన్సుకు మాత్రం 250 గంటలు చాలు. మిగిలిన 1,250 గంటలు సొంత ఖర్చుతో ఎగరడం మధ్యతరగతికి అయ్యే పని కాదు. ఇన్‌స్ట్రక్టరైతే విద్యార్థికి నేర్పిన ప్రతి గంటా తన లాగ్‌బుక్‌లోనూ చేరుతుంది, విమానం అద్దె విద్యార్థే కడతాడు. అందుకే కొత్త పైలట్లలో ఎక్కువమంది ఈ దారి పడతారు. వారికి దక్కే అసలు ప్రతిఫలం ఆ గంటలే, డబ్బు వాటికి కొసరు. కొసరును నమ్ముకుని అప్పు చేయడం దగ్గరే లెక్క తప్పుతోంది.

పేరున్న స్కూళ్లలో మొదటి నుంచి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ దాకా ఖర్చు లక్ష డాలర్లు దాటుతోంది. అంత మొత్తం 12 శాతం వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే వెయ్యి డాలర్లు. గంటకు 30 డాలర్ల చొప్పున నెలకు 80 గంటలు నేర్పితే వచ్చేది 2,400. పన్ను, ఇంటి అద్దె, తిండి పోగా అసలుకు జమ అయ్యేది దాదాపు ఏమీ ఉండదు. పైగా చాలా స్కూళ్లు నేర్పిన గంటలకే డబ్బిస్తాయి. మబ్బు పట్టినా, విమానం మరమ్మతుకు వెళ్లినా, విద్యార్థి రాకపోయినా ఆ రోజు సంపాదన లేనట్టే. ఎక్కువ నేర్పి పూడ్చుకుందామన్నా 24 గంటల్లో 8 గంటలకు మించి ఫ్లయింగ్ శిక్షణ ఇవ్వకూడదని నిబంధన. గంటల కోసం వచ్చేవారు వరుసలో ఉన్నంతకాలం రేటు పెంచాల్సిన అవసరం స్కూళ్లకూ పెద్దగా ఉండదు.

ఇది ఏడాదిన్నర కష్టమే కదా, తర్వాత ఎయిర్‌లైన్ జీతంతో అంతా తీరిపోతుందంటారు. అందులో నిజం లేకపోలేదు. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనుబంధ ప్రాంతీయ సంస్థలు కొత్త ఫస్ట్ ఆఫీసర్ల (కో-పైలట్ల) వేతనాన్ని, తాత్కాలిక ప్రీమియంతో కలిపి, గంటకు 90 డాలర్లకు పెంచాయి. కానీ 2020లో కోవిడ్ వల్ల నియామకాలు ఆగిపోయాయి, 2024లో మళ్లీ మందగించాయి. 1,500 గంటలు నిండిన రోజే ఉద్యోగం సిద్ధంగా ఉంటుందన్న హామీ ఏదీ లేదు, వడ్డీ మాత్రం ఒక్క నెలా ఆగదు.

మన పిల్లల విషయంలో లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ఎం-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి కోర్సు తర్వాత పనిచేయడానికి వీలిచ్చే ప్రాక్టికల్ ట్రైనింగ్ గరిష్ఠంగా 6 నెలలు, ఎఫ్-1 వారికి మామూలుగా 12 నెలలు. నెలకు 80 గంటల చొప్పున ఏడాదిలో 960 గంటలు వస్తాయి. ముందున్న 250 కలిపినా 1,210 దగ్గరే ఆగిపోతారు. ఆ అనుభవం ఇండియాలో పనికొస్తుంది కదా అనవచ్చు. పనికొస్తుంది, అయితే ఇక్కడ కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలే చాలు. 1,500 గంటలు అవసరమయ్యేది కెప్టెన్ స్థాయి లైసెన్సుకు. అక్కడ కూడబెట్టిన గంటల విలువ ఇక్కడ ఆ మేరకు తగ్గుతుంది. పైగా తిరిగొచ్చాక విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకోవాలి, చాలామందికి ఒక రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే టైప్ రేటింగ్ ఖర్చు అదనం.

ఇన్‌స్ట్రక్టర్ వృత్తిని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. ఒకరికి నేర్పుతూ రాటుదేలిన పైలట్ విలువ వేరు. అయితే అప్పు పత్రాల మీద సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు స్కూలును మూడు ప్రశ్నలు అడగాలి: కోర్సు అయ్యాక ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ఇస్తామని రాసిస్తారా, నెలకు కనీసం ఎన్ని గంటలకు డబ్బు చెల్లిస్తారు, వీసా గడువు ఎన్నాళ్లు? వాటికి కాగితం మీద జవాబు రాకపోతే, ఇన్‌స్ట్రక్టర్ జీతాన్ని సున్నాగా వేసుకుని అప్పు కట్టగలరో లేదో చూసుకోండి. కట్టగలమనుకుంటేనే పంపండి.