బ్రేకర్ కంటపడని ఫాల్ట్

హైదరాబాద్‌లో అబిడ్స్ నుంచి కోఠి వైపు వెళ్తుంటే ట్రూప్ బజార్‌లో కరెంటు సామాన్ల దుకాణాలు వరసగా కనిపిస్తాయి. అక్కడ అమ్మే వాటిలో మన ప్రాణాలకు కాపలా కాసేది అరచేతిలో పట్టే ఎంసీబీ అనే బ్రేకర్. షార్ట్ అయితే అదే పడిపోతుందిలే అని నిశ్చింతగా ఉంటాం. ఆ నిశ్చింత వెనక ఒక లెక్క ఉంది. 16 ఆంపియర్ల సి-టైపు ఎంసీబీ తక్షణం పడాలంటే దాని గుండా ఆ రేటింగుకు 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ వెనక పెద్ద జనరేటర్ల బలగమంతా ఉంటుంది కాబట్టి, తీగలు కలిసిన క్షణంలో వందల ఆంపియర్లు ఉరికొస్తాయి, రెప్పపాటులో బ్రేకర్ పడుతుంది. ఇంట్లో ఫ్యూజు నుంచి ఫీడర్ మీద ఫాల్ట్‌ను పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే రిలే దాకా పంపిణీ వ్యవస్థ రక్షణలో చాలా భాగం ఈ ఒక్క ఊహ మీదే నిలబడింది: ఫాల్ట్ అంటే వరద.

సౌర విద్యుత్తు ఈ ఊహను కిందనుంచి లాగేస్తోంది. కొన్ని భవనాల సోలార్ పలకలు, బ్యాటరీలు ఒక జట్టుగా చేరి, అవసరమైతే పెద్ద గ్రిడ్ నుంచి విడిపోయి సొంతంగా బతకగలిగే ఏర్పాటే మైక్రోగ్రిడ్. అందులో కరెంటు ఇన్వర్టర్ గుండా రావాలి. ఇన్వర్టర్‌లోని సెమీకండక్టర్ స్విచ్‌లు వేడికి తట్టుకోలేవు. అందుకే బయట షార్ట్ అయినా అవి సాధారణంగా తమ సామర్థ్యానికి 1.2 నుంచి 1.5 రెట్లు దాటి కరెంటు ఇవ్వవు. నాంపల్లి స్టేషన్ ఎదుట ఒక లాడ్జి మీద 10 కిలోవాట్ల త్రీఫేజ్ ఇన్వర్టర్ ఉందనుకుందాం. నిండు సామర్థ్యంలో అది ఫేజుకు దాదాపు 14 ఆంపియర్లిస్తుంది. షార్ట్ అయినప్పుడు మహా అయితే 21. గ్రిడ్ నుంచి విడివడిన వేళ అదొక్కటే ఆధారమైతే, మన 16 ఆంపియర్ల ఎంసీబీకి అది కాస్త ఎక్కువ లోడు పడినట్టే కనిపిస్తుంది. గంట గడిచినా పడకపోవచ్చు. ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతే లాడ్జి మొత్తం చీకటి, ఆగకపోతే ఫాల్ట్ ఉన్నచోట వేడి. మైక్రోగ్రిడ్ల రక్షణ మీద పీహెచ్‌డీలు పుట్టుకొస్తున్నది ఈ ఇరకాటంలోంచే. పలకలు ఎన్ని పెట్టామన్నదానికన్నా ఈ పరిశోధన ముందు తేలాలన్నది నా వాదన.

పలకల వైపు డీసీ తీగల్లో చిక్కు ఇంకా లోతైనది. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది, ఆ సందులో నిప్పురవ్వ ఆరిపోయే వీలుంది. డీసీకి ఆ సందు లేదు. 2009 ఏప్రిల్ 5న కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక దుకాణం పైకప్పు మీది 383 కిలోవాట్ల సోలార్ వ్యవస్థ అంటుకుంది. మొదట ఒక తీగ భూమికి తగిలింది. పారిన కరెంటు చిన్నది కావడంతో రక్షణ ఫ్యూజు దాన్ని గుర్తించలేదు. రెండో తీగ తగిలాక ఫ్యూజు తెగినా ప్రవాహం ఆగలేదు. దీనికి తలకిందుల ఉదాహరణ కూడా కాలిఫోర్నియాదే. 2016 ఆగస్టు 16న కార్చిచ్చు వల్ల లైన్లలో ఫాల్ట్ రాగా దాదాపు 1,200 మెగావాట్ల సౌర విద్యుత్తు చేజారింది. ఆ సౌర కేంద్రాల్లో చాలా ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీ పడిపోయిందని పొరబడ్డాయి. నిజానికి అది అంతగా పడలేదు. ఉన్న ఫాల్ట్‌ను చూడకపోవడం, లేని ప్రమాదాన్ని చూడడం రెండూ ఒక జబ్బు లక్షణాలే.

గ్రిడ్ పోతే సోలార్ ఇన్వర్టర్ ఎలాగూ ఆగిపోతుంది కదా, ఇంత హడావుడి ఎందుకని అడగొచ్చు. అలా ఆగడం అవసరమే. ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కు ఏ మేడ మీదనుంచో కరెంటు ఎదురు రాకూడదు. గ్రిడ్ నుంచి అనుకోకుండా విడిపోయి ద్వీపంలా మిగిలిన భాగానికి కరెంటు 2 సెకన్లలో ఆపాలని ఐఈఈఈ 1547 ప్రమాణం చెప్పేది ఇందుకే. కానీ రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రి ఉంది. ఇంక్యుబేటర్‌లో ఉన్న పసిబిడ్డకు, పైకప్పు మీద ఎండ కాస్తున్నా కరెంటు లేదనడం ఏ న్యాయం? 2011లో జపాన్ భూకంపం వేళ సెందాయ్‌లోని మైక్రోగ్రిడ్ ఆసుపత్రి సేవల్ని నిలబెట్టింది. అలా విడిపోయి బతకాలంటే రిలేలకు రెండు రకాల సెట్టింగులుండాలి: గ్రిడ్‌తో ఉన్నప్పుడు ఒకటి, విడివడ్డాక మరొకటి. ఆ మార్పు క్షణాల్లో, తప్పు లేకుండా జరగాలి.

పరిశోధకులు కరెంటు పరిమాణాన్ని వదిలి దాని ఆకారాన్ని పట్టుకుంటున్నారు. తీగ రెండు కొసల్లో కొలతలు పోల్చడం, అలలోని చిన్న కుదుపును వేవ్‌లెట్ గణితంతో విడదీయడం, మూడు ఫేజుల సమతుల్యం ఎక్కడ చెడిందో చూడడం, ఫాల్ట్ నమూనాలను కంప్యూటర్‌కు నేర్పడం ఈ దారుల్లో కొన్ని. ఖర్చు పెరుగుతుందన్న మాట నిజమే. కమ్యూనికేషన్ తీగలు, కొలత పరికరాలు ఊరికే రావు. కేంద్రం ఇంటి పైకప్పు సోలార్‌కు సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా ఇస్తున్న రాయితీ కిలోవాట్ల లెక్కన నడుస్తుంది. ఎర్తింగ్ లాంటి షరతులున్నా, అవి గ్రిడ్ పోతే ఆగిపోయే ఒంటరి ఇంటికి సరిపోతాయి. వీధంతా కలిసి విడిపోయే ఏర్పాటుకు చాలవు. దానికయ్యే సొమ్మును మొదటి అంచనాలోనే వేయాలి.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది: ఈ సిద్ధాంత గ్రంథాల్లో చాలావరకు సిమ్యులేషన్ దాటి బయటికి రావు. ఇది ఒప్పుకోవాల్సిందే. కంప్యూటర్‌లో తయారైన శుభ్రమైన ఫాల్ట్‌ల మీద శిక్షణ పొందిన యంత్రానికి వదులైన జాయింటు, పాతబడిన కేబులు, వానలో తడిసిన బోర్డు పరిచయం ఉండవు. వదులైన జాయింటు కరెంటును పెంచదు, తాను మాత్రం కాలుతుంది. 2019 జనవరి 30న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ అనే వార్షిక ప్రదర్శన స్టాళ్లు పెద్ద సంఖ్యలో తగలబడ్డప్పుడు మొదట అనుమానించింది షార్ట్ సర్క్యూట్‌నే. అయితే పరిశోధనకు కావలసిన బడి కూడా ఆ మైదానమే. ఏటా నెలన్నర పాటు అక్కడ ఒక చిన్న ఊరి పంపిణీ వ్యవస్థ కొత్తగా పుట్టి, విప్పుకుని పోతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్‌ను మొదలుపెట్టింది ఉస్మానియా పట్టభద్రులే. అప్పటి హైదరాబాద్ రాష్ట్ర ఆర్థిక సర్వేకు నిధులు కూడగట్టడం వారి ఉద్దేశం. 1946లో అది ఇప్పటి చోటికి వచ్చింది. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల 1929 నుంచి ఉంది. అక్కడి పరిశోధక విద్యార్థులు ఆ తాత్కాలిక బోర్డుల దగ్గర సెకనుకు వేల సార్లు కొలిచే రికార్డర్లు బిగించి, ఒక మూల స్టాళ్లను పలకలు, బ్యాటరీలతో విడదీసి నడిపి చూడొచ్చు. జనవరి 1న గేట్లు తెరుస్తారు గనుక తీగలు లాగే డిసెంబరులోనే ఆ పని మొదలవ్వాలి.