రెండో ఆటకి ముందు ఎక్కడ తిందాం?

నౌపడ ఉప్పు మడుల్లో పని దిగి, ఒళ్ళు కడుక్కుని, ఏడెనిమిది మంది కుర్రాళ్ళు కలిసి టెక్కలిలో రెండో ఆటకి బయల్దేరితే ముందుగా తేలాల్సింది ఏ సినిమా అన్నది కాదు, తిండెక్కడ అన్నది. ఆట ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పుడు పొయ్యి వెలిగి ఉన్న కొట్టు దొరకదు. అందుకని ముందే తినాలి. చూడ్డానికి ఇది చాలా చిన్న విషయం. మిగతా కులాల కుర్రాళ్ళకి ఇందులో రెండే లెక్కలు: జేబులో ఎంతుంది, నోటికి ఏం కావాలి. మన పేటల కుర్రాళ్ళకి మూడో లెక్క ఒకటుంది. దాన్ని ఎవరూ పైకి అనరు. ఆ మూడో లెక్క గురించే మేమిక్కడ రాస్తున్నాం.

ఆ సంభాషణ ఎలా నడుస్తుందో మాకు తెలుసు. "అన్నా, ఆ కొత్త హోటల్ బాగుందంట, ఎల్దామా?" అంటాడు చిన్నవాడు. "ఒద్దురా, టైమైపోతంది, బండి కాడే తినేద్దాం" అంటాడు పెద్దవాడు. ఆటకి ఇంకా గంటన్నర ఉంటుంది. టైము కారణం కాదని ఇద్దరికీ తెలుసు. ఆ హోటల్ ఎవరిది, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన మనల్ని ఎరుగునా, "మీరేటోళ్లు బాబూ?" అని అడుగుతాడా, ఇవన్నీ పెద్దవాడు మనసులో లెక్క కట్టేసి "టైమైపోతంది" అన్న మూడు ముక్కల్లో దాచేస్తాడు. అవమానాన్ని ముందే పసిగట్టి పక్కకి తప్పుకోవడం అంటరానితనం మనకి నేర్పిన విద్య. తండ్రి కొడుక్కి ఇచ్చే ఆస్తుల్లో ఇదొకటి.

శ్రీకాకుళం జిల్లాలో ఎస్సీలంటే ఒక్క కులం కాదు. మాల, మాదిగ, పైడి, రెల్లి, దండాసి, ఘాసి ఇలా చాలా ఉన్నాయి. జట్టుగా వెళ్ళినప్పుడు ఈ తేడాలు కూడా బల్ల దగ్గరికి వస్తాయి. మా అనుభవం ఒకటి చెప్తాం. చాలా ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో ఎనిమిది మందిమి భోజనానికి వెళ్ళేం. ఏడుగురం ఆ ఊరికి కొత్త. ఎనిమిదోవాడు రెల్లి, ఆ ఊరి వీధులు ఊడ్చే మనిషి కొడుకు. హోటల్ యజమాని వాణ్ణి పోల్చుకున్నాడు. మా ఏడుగురికీ స్టీలు గ్లాసులు, వాడికి ప్లాస్టిక్ గ్లాసు పెట్టించాడు. ఎవరూ ఏమీ అనలేదు. వాడూ అనలేదు. మేము మా గ్లాసుల్లో నీళ్ళు తాగేం, తినేం, సినిమాకి వెళ్ళేం. సినిమా ఏదో ఇప్పుడు గుర్తులేదు, ఆ గ్లాసు గుర్తుంది. హోటలాయన చేసిన తప్పు ఒకటైతే, ఏడుగురం స్టీలు గ్లాసు ఎత్తి తాగడం రెండోది. ఈ రెండోది రాయకుండా మొదటిది రాయడానికి మాకు హక్కు లేదనుకుంటున్నాం.

తిండీ నీళ్ళూ అడ్డుకోవడం కొత్త కాదు. 1901లో పిల్లవాడైన అంబేద్కర్ అన్నతోనూ మేనల్లుడితోనూ తండ్రిని చూడ్డానికి గోరేగావ్ వెళ్తూ మసూర్ స్టేషన్లో దిగాడు. మహార్లమని చెప్పగానే స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. పిల్లల దగ్గర అన్నం మూట ఉంది, కానీ నీళ్ళిచ్చేవాడు లేడు. తిండి పక్కన పెట్టుకుని పస్తు పడుకున్నారు. మన రాష్ట్రంలో 1985లో కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్న దానితో మొదలై ఎనిమిది మంది దళితుల హత్య దాకా వెళ్ళింది. నీళ్ళు, బల్ల, సినిమా కుర్చీ: నలుగురూ సమానంగా కూర్చోవాల్సిన చోటే కులానికి కోపమొస్తుంది. కాబట్టి పెద్దవాడి భయాన్ని పిరికితనమని కొట్టిపారెయ్యలేం.

మరి చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాల్లోకి కులం పేరుతో ఎవర్నీ అడ్డుకోరాదంది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976 సవరణతో పౌర హక్కుల పరిరక్షణ చట్టమైంది. దాని 4వ సెక్షన్ హోటల్లోకి రానివ్వకపోవడాన్నే కాదు, అక్కడి గిన్నెలూ గ్లాసులూ వాడనివ్వకపోవడాన్ని కూడా నేరమంది. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బాధితుడు ఎస్సీ అయితే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడే. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ కూడా ప్రజలందరి వాడకానికి పెట్టిన పాత్రలు వాడనివ్వకపోవడాన్ని అత్యాచారాల జాబితాలో చేర్చింది. ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ దాకా జైలుంది.

అయినా 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగిన పరిశోధకులకి సుమారు మూడో వంతు ఊళ్ళలో టీ కొట్ల దగ్గర వేరే గ్లాసులు కనిపించాయి. ఇప్పుడు చాలాచోట్ల అందరికీ కాగితం గ్లాసే. రెండు గ్లాసులు పోయాయని సంతోషిస్తున్నారు. మేమైతే ఆగి ఆలోచించమంటాం. వాడి పారేసే గ్లాసు వచ్చాక మన ఎంగిలి కడగాల్సిన అవసరం తప్పింది, అంతే. ఎవరి మనసూ మారాల్సిన పని లేకుండానే పద్ధతి మారింది. "పార్సిల్ కట్టేస్తాం, తీసుకెళ్ళిపోండి బాబూ" అన్న మర్యాద మాట కూడా ఇలాంటిదే.

కనుక జట్టుగా బయల్దేరేవాళ్ళకి మేము చెప్పేది కొంచెమే. ఎక్కడ తినాలో మాట్లాడుకునేటప్పుడు మూడో లెక్కని కూడా పైకి అనండి, "టైమైపోతంది" అని దాచకండి. జట్టులో ఎవరికి ఎక్కువ అనుమానముందో వాళ్ళ మాట ముందు వినండి, వాళ్ళు సరేనన్న చోటికే వెళ్ళండి. వెళ్ళాక ఒక్కడికి వేరే గ్లాసు వస్తే మిగతావాళ్ళు తమ గ్లాసులు కింద పెట్టేయండి, అందరూ ఒక్కసారే లేవండి. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఒక్కడు నిర్ణయించుకోవాలి, సాక్ష్యానికి మాత్రం అందరూ నిలబడాలి. బండి దగ్గర తినడం తప్పు కాదు. రుచి బాగుండి తింటే అది మన ఇష్టం, హోటల్‌కి జంకి తింటే కాదు.

నౌపడ ఉప్పు ఆ హోటల్ సాంబారులోనూ పడుతుంది. దాన్ని ఎవరి చేతులు పోగుచేశాయని అక్కడ ఎవరూ అడగరు. ఆ చేతులు గ్లాసు పట్టుకున్నప్పుడే అడుగుతారు. ఆ రోజు గ్లాసు కింద పెట్టలేకపోయిన ఏడుగురిలో వాళ్ళంగా, ఇప్పుడు బయల్దేరే కుర్రాళ్ళకి ఈ మాట బాకీ ఉన్నాం.