హెపారిన్ - రక్తఫలకికలు

గాయమైన చోట రక్తం గడ్డకట్టడం ప్రాణరక్షణ. అదే రక్తం నాళాల లోపల గడ్డకడితే ప్రాణాపాయం. ఈ రెండవదానిని నివారించుటకు వైద్యులు విరివిగా వాడే మందు హెపారిన్. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జే మెక్లీన్ కుక్క కాలేయం నుండి తీసిన పదార్థంలో రక్తాన్ని గడ్డకట్టనీయని గుణాన్ని గమనించాడు. అప్పటికతడు వైద్యవిద్యార్థి మాత్రమే! మందు పేరుకు మూలం కాలేయానికి గల గ్రీకు నామమే.

ఇంతటి ఉపకారి కొందరిలో విపరీత ఫలితాన్నిస్తుంది. హెపారిన్ పొందుతున్న రోగుల ధమనులలోనే రక్తపు గడ్డలు అడ్డుపడిన వైనాన్ని 1958లో వైజ్‌మన్, టోబిన్ అనే వైద్యులు ప్రకటించారు. గడ్డలను ఆపవలసిన మందే వాటికి కారణమగుట ఎట్లు?

మన రక్తంలో ప్రతి ఘన మిల్లీమీటరుకు సుమారు 1,50,000 నుండి 4,50,000 వరకు ఫలకికలు, అనగా ప్లేట్‌లెట్లు ఉంటాయి. వీటి నుండి వెలువడే ఒక ప్రోటీను హెపారిన్‌తో జతకూడినప్పుడు, కొందరి శరీరం ఆ జంటను శత్రువుగా భావించి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి ఫలకికలను రెచ్చగొట్టగా, ఫలకికలు ఒకదానికొకటి అంటుకొని గడ్డలకు దారితీస్తాయి. అట్లు ఖర్చైపోవుట వల్లనే వాటి సంఖ్య తగ్గుతుంది. సాధారణంగా మందు మొదలైన 5 నుండి 10 రోజులలో సంఖ్య సగానికో, అంతకంటె తక్కువకో పడిపోతుంది.

ఇక్కడ మనవారు పొరబడే అవకాశం మెండు. డెంగీ జ్వరాల పుణ్యమా అని, ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే రక్తస్రావమగునని భయపడి, వాటిని ఎక్కించమని బంధువులు ఆసుపత్రిలో ఒత్తిడి చేయడం పరిపాటి అయింది. ఈ వ్యాధిలో రక్తస్రావం అరుదు, భయమంతా గడ్డలతోనే. తీవ్ర రక్తస్రావం ఉంటే తప్ప ఫలకికలను సాధారణంగా ఎక్కించరు.

వైద్యులు ముందుగా హెపారిన్‌ను పూర్తిగా మానివేస్తారు. సిరలో అమర్చిన గొట్టం మూసుకొనిపోకుండా పోసే కొద్దిపాటి మందు సైతం పనికిరాదు. అంతటితో ప్రమాదం తొలగదు కనుక ఆర్గట్రోబాన్, ఫాండాపారినక్స్ వంటి వేరొక మందునిస్తారు. వార్ఫరిన్ మాత్రలను ఫలకికలు కోలుకొనక మునుపే ప్రారంభిస్తే చర్మము, అవయవములు కుళ్ళే ప్రమాదమున్నది.

గడచిన 100 రోజులలో హెపారిన్ పొందిన వ్యక్తికి మరల ఇచ్చినచో, ఒక్కరోజులోనే ఫలకికలు పడిపోవచ్చును. కావున శస్త్రచికిత్సకో, డయాలిసిస్‌కో వెళ్ళిన రోగి పాత కాగితాలను వెంట తీసుకొనిపోయి, లోగడ హెపారిన్ తీసుకొన్న సంగతి వైద్యునికి ముందే తెలుపవలెను.